మీకు తెలుసా? వెలగని లైటుకే భయపడాలి!

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తాం. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. కానీ అసలు భయపడాల్సింది వెలగని లైటుకు! తాళం తిప్పండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా అక్కడే ఆగండి. ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, చెక్ ఇంజిన్... అన్నీ ఒక్కసారిగా వెలగాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు మామూలుగా 3-4 సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అసలు వెలగనే లేదా? ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు! లేదా దాని మీద నల్ల టేపు అంటించి ఉండొచ్చు!

ఈ విద్య నేర్చుకోవాలంటే సాబ్ 9-3 కన్వర్టిబుల్‌ను మించిన బండి లేదు! స్వీడన్ కారు. టర్బో ఇంజిన్. మీట నొక్కితే వెనక్కి మడుచుకునే గుడ్డ టాపు. 2011 డిసెంబరు 19న కంపెనీ దివాలా తీసింది. అయినా అమెరికాలో, యూరప్‌లో ఈ కార్లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి! కొత్త కారు దొరకదు కాబట్టి కొనేదేదైనా పాతదే. లైట్ల భాష రాకపోతే పని జరగదు.

తాళం ఎక్కడ పెట్టాలో తెలుసా? స్టీరింగ్ పక్కన వెతక్కండి, అక్కడ ఉండదు! ముందున్న 2 సీట్ల మధ్య, గేర్ రాడ్ వెనక ఉంటుంది! మొదటిసారి చూడ్డానికి వెళ్లినవాళ్లు అక్కడే తడబడతారు. మీరు నేరుగా చెయ్యి అక్కడికే పోనివ్వండి. అమ్మేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, వచ్చినవాళ్లకు ఈ బండి తెలుసని!

సాబ్‌లో లైట్లన్నీ ఆర్పేసే బటన్ ఒకటుంది! దాని పేరు నైట్ ప్యానెల్. నొక్కితే చాలు, మిగతా మీటర్లన్నీ చీకట్లోకి వెళ్లిపోతాయి. స్పీడోమీటరు ఒక్కటే మిగులుతుంది. అదీ గంటకు 140 కి.మీ. అంకె వరకే! ఏదైనా హెచ్చరిక వస్తే ఆ భాగం తనంతట తానే మళ్లీ వెలుగుతుంది, నిజమే. అయినా రాత్రిపూట కారు చూడ్డానికి వెళ్తే ముందు ఆ బటన్ ఆఫ్ చేయించండి. టర్బో ముల్లు, టెంపరేచర్ ముల్లు మీ కళ్లకు కనిపించాలి!

లైటు బొమ్మ అర్థం కాలేదా? రంగు చూడండి! మొత్తం 4 రంగులే. ఎరుపంటే బండి పక్కకు ఆపు. పసుపంటే త్వరగా చూపించు. ఆకుపచ్చ అంటే ఏదో ఒకటి ఆన్‌లో ఉంది. నీలం అంటే హై బీమ్. భాష రాని దేశంలో కారు అద్దెకు తీసుకున్నా ఇదే లెక్క!

ఇక అసలు గుట్టు. స్టీరింగ్ కింద, మీ మోకాలి దగ్గర ఒక సాకెట్ ఉంటుంది. అందులో 16 పిన్నులుంటాయి! చవకైన స్కానర్ ఒకటి గుచ్చి, ఫోన్‌తో కలపండి. కారు తన కడుపులో దాచుకున్నదంతా కక్కేస్తుంది! స్కానర్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఆ పదహారో పిన్ను నుంచే కరెంటు వస్తుంది!

అమెరికాలో ఈ సాకెట్ 1996 మోడల్ నుంచి ప్రతి కారులో తప్పనిసరి! అక్కడ చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ కారు కోసం వెతికే మన పిల్లలకు చెప్పండి. బేరానికి వెళ్లేటప్పుడు జేబులో స్కానర్ ఉండాల్సిందే!

మన దగ్గరా ఉంది! 2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మిన కార్లలోనూ ఇదే రకం పరీక్షా వ్యవస్థ ఉంది. విజయవాడలో అమ్ముడయ్యే పాత బండికైనా ఇక్కడ చెప్పేవాటిలో చాలా చిట్కాలు పనికొస్తాయి!

స్కానర్ చూపించే కోడ్‌లో ఎన్ని అక్షరాలో తెలుసా? 5 మాత్రమే! మొదటి అక్షరమే ఊరి పేరు చెప్పేస్తుంది. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్సు. బి అంటే బాడీ. సి అంటే బ్రేకులు, చక్రాల వైపు. యు అంటే కంప్యూటర్ల మధ్య మాటల్లేవు! కన్వర్టిబుల్‌లో యు కోడ్‌లు వరసగా కనిపిస్తే కార్పెట్ కింద తడి ఉందేమో చూడండి. దాని సంగతి తర్వాత చెప్తాను!

చెక్ ఇంజిన్ లైటు తొందరపడదు! చాలా లోపాల్ని మొదటిసారి చూసి ఊరుకుంటుంది. వరసగా 2 ప్రయాణాల్లో అదే లోపం కనిపిస్తేనే వెలుగుతుంది! అంటే ఇవాళ లైటు లేదు కదా అని సంబరపడకూడదు. స్కానర్‌లో పెండింగ్ అనే పేజీ తెరవండి. రేపు వెలగబోయే లైటు ఇవాళే అక్కడ కూర్చుని ఉంటుంది!

లైటు ఆరిపోయినా కథ అయిపోదు! లోపం మళ్లీ రాకపోతే కొన్ని ప్రయాణాల తర్వాత లైటు ఆరుతుంది. కానీ కోడ్ మాత్రం జ్ఞాపకంలోనే ఉంటుంది. ఇంజిన్ 40 సార్లు చల్లారి మళ్లీ పూర్తిగా వేడెక్కేదాకా చెరిగిపోదు! నెల కిందటి తలనొప్పి ఇంకా లోపలే ఉందన్నమాట.

ఆ వేడెక్కడానికీ ఒక లెక్కుంది! కూలెంట్ కనీసం 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పక్క వీధిలో పాల ప్యాకెట్‌కు వెళ్లొస్తే లెక్కలోకి రాదు!

చెక్ ఇంజిన్ లైటు టకటకా కొట్టుకుంటోందా? వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి! నిలకడగా వెలిగితే ఓపిక పట్టొచ్చు. కొట్టుకుంటే మాత్రం పెట్రోలు సిలిండర్‌లో మండకుండా సైలెన్సర్ గొట్టంలోకి పోతోందని అర్థం. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. కన్వర్టర్ లోపలి పింగాణీ 1,400 డిగ్రీల ప్రాంతంలో కరగడం మొదలవుతుంది! టెస్ట్ డ్రైవ్‌లో ఒక్కసారి అలా కొట్టుకున్నా చాలు. మెకానిక్ చూసేదాకా సంతకం పెట్టొద్దు.

మీరు వచ్చే అరగంట ముందు కోడ్‌లన్నీ చెరిపేశారనుకోండి. పట్టుకోవడం ఎలా? చాలా సులువు! కోడ్‌లు చెరిపిన తర్వాత బండి ఎంత దూరం తిరిగిందో చాలా కార్లు విడిగా లెక్క రాసుకుంటాయి. ఆ లెక్క 65,535 కి.మీ. దాకా పోగలదు! అమ్మేవారు ‘ఏడాదిగా ఒక్క సమస్యా రాలేదండీ’ అంటుంటే స్కానర్‌లో 6 కి.మీ. అని కనిపిస్తే ఏమనుకోవాలి? నాకైతే ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు!

ఇంకోటి చెప్తాను, ఇది చాలామంది మెకానిక్‌లు కూడా చెప్పరు! ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు పాళ్లను నిత్యం సవరించుకుంటూ ఉంటుంది. ఆ సవరణను లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. నెలల తరబడి నడిచిన పాత కారులో అది ఒకటో రెండో శాతం అటో ఇటో ఉండటం మామూలు. అక్కడ సరిగ్గా 0.0 కనిపించిందా? అంత పవిత్రమైన పాత ఇంజిన్ అరుదు! జ్ఞాపకం ఇప్పుడే తుడిచారేమో అని అనుమానించండి.

అది 0.0 కాకుండా 20 దాటి పైకి ఎక్కి కూర్చుందా? అదీ మంచిది కాదు! ఎక్కడో దొంగ గాలి లోపలికి వస్తోంది. రబ్బరు గొట్టాలు పగిలిన టర్బో కార్లలో ఇది తరచూ కనిపించేదే. ఇంకాస్త పెరిగితే పి0171 కోడ్ పడుతుంది!

కోడ్‌లు చెరిపితే కారు తన పరీక్షలన్నీ మొదటి నుంచి రాయాలి! వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. అమెరికా పర్యావరణ సంస్థ సూచన ప్రకారం 2001 మోడల్ నుంచి వచ్చిన పెట్రోలు కార్లలో 1 మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండొచ్చు. అంతకు మించితే పొగ పరీక్షకు బండి సిద్ధంగా లేదనే లెక్క! మీరూ అదే కొలత పెట్టుకోండి. మూడు నాలుగు మానిటర్లు ‘పూర్తి కాలేదు’ అంటుంటే ‘వారం తర్వాత వస్తానండీ, అప్పటిదాకా మీరే నడపండి’ అని చెప్పి లేచి రండి!

పెట్రోలు ఆవిరి పరీక్ష మరీ గడుసుది! ట్యాంకులో పెట్రోలు దాదాపు 15 శాతం నుంచి 85 శాతం మధ్య ఉంటేనే అది మొదలవుతుంది. ట్యాంకు నిండా కొట్టించి పెట్టినా, అడుగంటించి పెట్టినా ఆ పరీక్ష జరగదు! ‘మీకోసం ఫుల్ ట్యాంక్ చేయించానండీ’ అన్నప్పుడు ఆనందించండి. ఆనందిస్తూనే స్కానర్ తీయండి!

ఆవిరి కారే రంధ్రం ఎంత చిన్నదైనా కారు పసిగడుతుంది. ఎంతనుకుంటున్నారు? అర మిల్లీమీటరు! అందుకే పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. మూతలోని రబ్బరు చుట్ట చూడండి. అదొక్కటి మారిస్తే ఆరిపోయే లైటును చూపించి మీరు ధర తగ్గించొచ్చు!

చెరపలేని కోడ్ కూడా ఉంది తెలుసా? దాన్ని పర్మనెంట్ కోడ్ అంటారు. అమెరికాలో 2010 మోడల్ నుంచి వచ్చింది. స్కానర్‌తో నొక్కినా పోదు! బ్యాటరీ పీకినా పోదు! లోపం నిజంగా పోయిందని కారే పరీక్షించుకుని నమ్మాలి. అప్పుడే తనంతట తాను చెరుపుకుంటుంది. చివరి రోజుల సాబ్‌లు చూస్తుంటే ఈ పేజీ తప్పక తెరవండి.

లోపం వచ్చిన ఆ క్షణాన్ని కారు ఫోటో తీస్తుంది! ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ఆ క్షణంలో ఇంజిన్ ఎన్ని తిప్పులు తిరుగుతోంది, స్పీడు ఎంత, కూలెంట్ వేడి ఎంత... అన్నీ అందులో ఉంటాయి. కోడ్ పక్కనే 6,000 ఆర్‌పీఎం అని కనిపిస్తే? ‘మా నాన్నగారు ఆదివారం గుడికి మాత్రమే తీసేవారు’ అనే మాట నమ్మక్కర్లేదు!

కారు తన పేరు కూడా చెబుతుంది! స్కానర్‌లో ఛాసిస్ నంబరు అడగండి. 17 అక్షరాలు, అంకెలు వస్తాయి. సాబ్ అయితే వైఎస్3 అని మొదలవుతుంది. దాన్ని ముందు అద్దం కింద ఉన్న పలకతో పోల్చండి. తేడా ఉందా? ఇంజిన్ కంప్యూటర్ వేరే కారుది! ఎందుకు మార్చాల్సి వచ్చిందో అడిగే హక్కు మీకుంది.

చూడ్డానికి వెళ్లేముందు ఒక్క మాట ఫోన్‌లో చెప్పండి: ‘నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి!’ పాత ఇంజిన్ లోపాలు చలిలోనే బయటపడతాయి. మాట నిలబెట్టుకున్నారో లేదో పట్టుకోవడం తేలిక! 8 గంటలు కదలని కారులో కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దాదాపు ఒకటే ఉంటాయి. రెండూ స్కానర్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. కూలెంట్ మాత్రం బాగా వేడిగా ఉంటే పొద్దున్నే ఎవరో రిహార్సల్ చేశారు!

డ్యాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లును పూర్తిగా నమ్మొద్దు! చాలా కార్లలో వేడి కొంత పెరిగినా తగ్గినా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారుచేస్తారు. నడిపేవాళ్లు కంగారు పడకూడదని! 90 డిగ్రీల దగ్గరున్నా, ఇంకో పది డిగ్రీలు ఎక్కినా మీకు ఒకటే కనిపించొచ్చు. అసలు అంకె స్కానర్‌లో ఉంటుంది!

ఇప్పుడు టర్బో దగ్గరికి వద్దాం. ఇక్కడే నిజమైన విందు! టర్బోలో ఒక సన్నని ఇరుసు తిరుగుతుంటుంది. నిమిషానికి ఎన్ని చుట్లో ఊహించండి. 2,00,000 దాకా! అంత వేగాన్ని మోసేది సన్నని నూనె పొర మాత్రమే! ఆ నూనె కాసేపు అందకపోయినా ఇరుసు అరిగిపోతుంది.

మరి ఆ ఇరుసు అరిగితే వెలిగే లైటేది? లేదు! డ్యాష్‌బోర్డులో దానికోసం లైట్లు 0! అందుకే కంటికి పని చెప్పాలి. వేడెక్కిన ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. తర్వాత యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కించి మీరు వెనక నిలబడండి. నీలం రంగు పొగ మబ్బు లేచిందా? టర్బో సీళ్ల నుంచి నూనె కారుతోందేమో చూపించాల్సిందే!

సాబ్ టర్బో మీటరు చూశారా? దాని మీద ఒక్క అంకె కూడా ఉండదు! తెలుపు, పసుపు, ఎరుపు అని 3 రంగుల పట్టీలే. ఖాళీ రోడ్డు మీద, మూడో గేర్‌లో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ముల్లు పసుపులోకి చకచకా ఎగబాకాలి! తెలుపు చివర్లోనే తారట్లాడుతోందా? కంప్యూటర్ టర్బోను కట్టేసి ఉంచింది. లైటు వెలగకపోయినా లోపల ఏదో పసిగట్టిందన్నమాట!

పి0299 అనే కోడ్ కనిపించగానే ‘టర్బో పోయింది’ అని బెదిరిపోకండి! టర్బో పోయిందని ఆ కోడ్ చెప్పదు. గాలి ఒత్తిడి చాలడం లేదని మాత్రమే చెబుతుంది. పగిలిన గొట్టం కావచ్చు. వదులైన క్లిప్పు కావచ్చు. పాడైన చిన్న వాల్వు కావచ్చు. ఈ కోడ్ చూసి మిగతా కొనుగోలుదారులు పారిపోతారు. ఓపికున్నవాళ్లు గొట్టాలు తడిమి చూసి బేరం కొట్టేస్తారు!

దానికి తోబుట్టువు పి0234! ఇది ఒత్తిడి మరీ ఎక్కువైందని చెబుతుంది. నాకు దీని మీదే ఎక్కువ అనుమానం. పాత యజమాని స్పీడు కోసం ఏదో కెలికాడేమో అడగండి!

ఆయిల్ లైటు గురించి చాలామందికి తెలియని నిజం! అది నూనె ఎంత ఉందో చెప్పే లైటు కాదు. నూనె ఒత్తిడి చెప్పే లైటు! చాలా కార్లలో ఒత్తిడి 0.3 నుంచి 0.5 బార్ దాకా పడిపోతేనే వెలుగుతుంది. పరుగు మీదున్న ఇంజిన్‌కు అంతకు చాలా రెట్లు కావాలి! అంటే అది వెలిగేసరికే ఇంజిన్ చివరి గడియల్లో ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక్క క్షణం మిణుకుమన్నా టెస్ట్ డ్రైవ్ అక్కడితో ఆపేయండి. ఇంజిన్ కట్టేయండి. ‘సెన్సార్ పాడైందండీ, అంతే’ అనే మాట అస్సలు వినొద్దు!

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, సాబ్ టర్బోల్లో ఒక పేరుమోసిన జబ్బుంది! 2000-2003 మధ్య వచ్చిన 9-3ల టర్బో ఇంజిన్లలో నూనె గడ్డకట్టి నల్లటి జిడ్డుగా మారేది. అడుగున నూనె పీల్చే జల్లెడకు ఆ జిడ్డు అడ్డం పడేది. పైన కొలత కర్ర తీసి చూస్తే నూనె నిండుగానే ఉంటుంది, టర్బోకు మాత్రం చుక్క అందదు! చివరికి కంపెనీయే ఈ సమస్యకు 8 ఏళ్ల వారంటీ ఇచ్చింది!

ఆ జిడ్డును ఆపడానికి ఇంజిన్ ఆవిర్లు బయటికి పంపే గొట్టాల అమరికను మార్చి మార్చి విడుదల చేశారు. ఎన్నో సవరణ దగ్గర కుదిరిందో తెలుసా? 6వది! సాబ్ ప్రియులు ‘పీసీవీ ఆరు’ అని ముద్దుగా పిలుచుకుంటారు. అది వేశారా, అడుగు నూనె తొట్టి ఎప్పుడు విప్పి కడిగారు, రసీదు ఉందా... ఈ మూడూ అడగండి. రసీదు ఉన్న కారుకు కాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు!

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క! మొదటి తరం 9-3 ఇంజిన్ మీద పొడవాటి పెట్టె ఒకటి ఉంటుంది. నాలుగు ప్లగ్గులకూ అదే నిప్పు అందిస్తుంది. ఎంత వోల్టేజీతో? 40,000 వోల్టులు! చెక్ ఇంజిన్ లైటు కొట్టుకుంటూ బండి కుదుపులు ఇస్తుంటే చాలాసార్లు నేరస్థుడు ఇదే. నాలుగే స్క్రూలు విప్పితే ఊడొస్తుంది! అనుభవమున్న యజమానులు డిక్కీలో ఒక స్పేర్ పెట్టుకుని తిరుగుతారు. అమ్మేవారు దాన్ని కూడా ఇస్తానంటే కాదనకండి!

ఆ పెట్టె నిప్పు పెట్టడమే కాదు, చెవి పెట్టి వింటుంది కూడా! ప్లగ్గు మండగానే దాని కొనల మధ్య 80 వోల్టులు పెట్టి లోపల మంట ఎలా ఉందో కొలుస్తుంది. ప్లగ్గే సెన్సార్! అందుకే ఈ ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్‌కు వేరే సెన్సారే లేదు. ఏదో ఒక ప్లగ్గు వేసేస్తే ఆ కొలత తప్పి లేనిపోని లైటు వెలగొచ్చు. ప్లగ్గు మీద పేరు, నంబరు చదివి చూడండి!

వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే సాబ్‌లు ఉన్నాయి! చాలాసార్లు అది క్రాంక్ సెన్సార్ పని. కోడ్ పడితే పి0335 అని చూపిస్తుంది. ఐదు నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో ఇది దొరకదు. పూర్తిగా వేడెక్కేదాకా నడపనివ్వాలని ముందే మాట తీసుకోండి!

పి0420 కోడ్‌కు చాలామంది భయపడతారు. క్యాటలిటిక్ కన్వర్టర్ నీరసించిందని దాని అర్థం. మార్చాలంటే బోలెడు ఖర్చు! అందుకని కొందరు దాని వెనక ఉన్న సెన్సార్‌ను చిన్న గొట్టం ముక్కతో బయటికి జరిపి కంప్యూటర్‌ను మోసం చేస్తారు. ఫోన్ టార్చి వేసి బండి కింద చూడండి. సెన్సార్ గొట్టంలో కూర్చోకుండా వేలెడు ఎత్తున నిలబడి ఉందా? దొరికిపోయారు!

అన్ని లైట్లూ ఒకేసారి వెలిగాయా? ఊపిరి పీల్చుకోండి! బ్యాటరీ నీరసించినా చాలు, డ్యాష్‌బోర్డు దీపావళి చేసుకుంటుంది. ఏబీఎస్, ట్రాక్షన్, ఎయిర్‌బ్యాగ్... సంబంధం లేనివన్నీ వెలిగిపోతాయి. ఆపి ఉంచిన కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ముందు అది కొలవండి. పది లోపాలనుకున్నది కాస్తా ఒక్క బ్యాటరీగా తేలొచ్చు!

ఎయిర్‌బ్యాగ్ లైటుతో మాత్రం సరసాలొద్దు! ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ నిండటానికి పట్టేది సుమారు 30 మిల్లీ సెకన్లు. కనురెప్ప వేసేలోపే అయిపోతుంది! ఆ క్షణంలో అది పనిచేయకపోతే రెండో అవకాశం ఉండదు.

మోసం ఎలా చేస్తారో చెప్తాను వినండి. పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ బదులు దాదాపు 2 ఓముల చిన్న రెసిస్టర్ తగిలిస్తారు! కంప్యూటర్‌కు ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే అనిపిస్తుంది. లైటు వెలిగి, పద్ధతిగా ఆరిపోతుంది. లోపల చూస్తే ఖాళీ! రిపేరైన కారని అనుమానముంటే స్టీరింగ్ మూత, డ్యాష్‌బోర్డు అతుకులు కొత్తగా ఉన్నాయేమో చూసి, మెకానిక్‌తో విప్పించి చూడాల్సిందే.

మరో ఎత్తుగడ! ఎయిర్‌బ్యాగ్ లైటు తీగను పక్కనున్న ఆయిల్ లైటు తీగకు కలిపేస్తారు. అప్పుడు 2 లైట్లూ ఒకే క్షణంలో ఆరుతాయి. మామూలుగా ఎయిర్‌బ్యాగ్ లైటుకు దాని సొంత టైము ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తూ ఉండండి. ఆయిల్ లైటు వెలుగుతూనే ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు మాత్రం ఆరిపోవాలి. ఆరలేదా? ఎవరో తీగలు కెలికారేమో!

అయితే ఇదే లైటు ఒక్కోసారి అమాయకంగానూ వెలుగుతుంది! సీటు కింద ప్లగ్గు వదులైతే చాలు. 9-3 కన్వర్టిబుల్‌లో నలుగురు కూర్చోవచ్చు, వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు జరగాల్సిందే. ఏళ్ల తరబడి జరిగి జరిగి తీగలు అలిసిపోతాయి. స్కానర్ ఏ సీటో చెబుతుంది. కాకపోతే మామూలు స్కానర్ కాదు, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదివేది కావాలి!

టైరు గాలి లైటులో ఒక చిన్న రహస్యం! అమెరికా నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గితే అది వెలగాలి. నిలకడగా వెలిగితే గాలి కొట్టించండి. స్టార్ట్ చేయగానే నిమిషం పైగా కొట్టుకుని, ఆ తర్వాత నిలబడిందా? గాలి బాగానే ఉండొచ్చు, సెన్సార్ వ్యవస్థే పాడైంది!

ఇందాక తడి కార్పెట్ సంగతి చెప్తానన్నాను కదా! టాపు మీద పడిన వాన నీరు సన్నని గొట్టాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు అడ్డం పడితే నీరు లోపలికొస్తుంది. రెండో తరం 9-3లో రేడియో, యాంప్లిఫయర్ లాంటివి కాంతి తీగతో ఒక వలయంగా కట్టి ఉంటాయి. తీగలో కరెంటు కాదు, వెలుగు పరిగెడుతుంది! ఆ వలయంలో 1 పెట్టె తడిసి చచ్చినా మొత్తం పాట ఆగిపోతుంది! రేడియో మూగదైతే ‘చిన్న విషయమే’ అనుకోకండి. కార్పెట్ మీద కాదు, దాని కింది స్పాంజి మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కండి. డిక్కీలో కూడా నొక్కండి. ముక్కు పుటాలకు బూజు వాసన తగిలినా చాలు!

తాళాలు ఎన్నిస్తున్నారు? 2 ఉండాలి! ఈ కార్ల తాళం కంప్యూటర్‌కు పరిచయమైతేనే పనిచేస్తుంది. వీధి చివర తాళాల దుకాణంలో చేయించుకునేది కాదు. ఒక్కటే ఇస్తే ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి!

సాబ్ మెకానిక్‌లు వాడే అసలు యంత్రం పేరు టెక్ 2. దాని జ్ఞాపకశక్తి ఎంతో చెప్తే నమ్మరు. 32 మెగాబైట్లు! మీ ఫోన్‌లో కొన్ని ఫోటోలకే అంత అయిపోతుంది! కానీ ఎయిర్‌బ్యాగ్ నుంచి టాపు మోటారు దాకా మీ స్కానర్ చదవలేని కోడ్‌లన్నీ అది చదువుతుంది. ఆ యంత్రమున్న మెకానిక్ ఊళ్లో ఉన్నాడో లేడో కనుక్కున్నాకే బేరం మాట్లాడండి!

కంపెనీ పోయింది కదా, స్పేర్ పార్ట్స్ ఎలా? భయం లేదు! సాబ్ స్పేర్ల కంపెనీ మూతపడలేదు. తర్వాత ఓరియో అని పేరు మార్చుకుంది. అప్పట్లో దాని యజమాని స్వీడన్ ప్రభుత్వమే అయింది!

ఇక టాపు! రెండో తరం 9-3 టాపు తెరుచుకోవడానికి పట్టేది 20 సెకన్లు. బండి నెమ్మదిగా కదులుతున్నా తెరుచుకుంటుంది! ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఫోన్‌లో టైము చూస్తూ తెరవండి, మూయండి, మళ్లీ తెరవండి. మధ్యలో ఆగినా, డ్యాష్‌బోర్డులో టాపు హెచ్చరిక వచ్చినా, డిక్కీ పక్కన నూనె మరక కనిపించినా హైడ్రాలిక్ గొట్టాలు చూపించాల్సిందే. ‘ఎండకు బిగుసుకుందండీ, మూడోసారి వస్తుంది’ అన్నారా? అయితే ఆ మూడోసారి మీ ముందే రానివ్వండి. అప్పటిదాకా ధర మాట ఎత్తకండి!